మూడంకెకు రెండో పన్ను

మా ముత్తాత నర్సింగరావు దేశ్‌ముఖ్. మా తాత రాఘవరావు దేశ్‌ముఖ్. పద్నాలుగు గ్రామాల్లో వాళ్ల మాట చెల్లేది. వాళ్లు కచేరీకి వెళితే తాలూక్‌దారు లేచి కుర్చీ చూపించేవాడు. మా ఇంటి వెండి మొహర్ ముద్ర పడిన కాగితాన్ని ఎవరూ రెండోసారి చదివేవారు కారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. దేశ్‌ముఖ్ అన్నది హోదా, మా ఇంటిపేరు రాయను. నా పేరూ రాయను. పైన రాసిన ఆ ఇద్దరి పేర్లను బట్టే నన్ను గుర్తుపట్టగలవాళ్లు గౌలిపురాలో ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. అది తెలిసే రాస్తున్నాను. భయపడుతూనే రాస్తున్నాను.

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అని రాశాక నాకే సిగ్గేస్తోంది, ఎందుకంటే అది ఒక అంకెలో చిన్న వంపు, నువ్వుగింజలో సగం కూడా ఉండదు. దాన్ని నేను గీకేశాను. నేను చేసిందల్లా అంతే. ఆ వంపు పోవడం వల్ల ఒక ముసలాయన తాను చేయని తప్పును తనదనుకుని బతికాడు, అలాగే అనుకుంటూ చనిపోయాడు. అనుకుంటూనే చనిపోయాడా? అది కూడా నాకు సరిగ్గా తెలియదు. తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

మీరెవరో నాకు తెలియదు. కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్న కాలానికి గ్రామాలు పోయాయి. వ్యాజ్యాల్లో కొన్ని, తాకట్టులో కొన్ని. మేనా పోయింది, తివాచీలు పోయాయి, దివాన్‌ఖానాలో వేలాడే బెల్జియం గాజు దీపాలు పోయాయి. నాకు మిగిలినవి గౌలిపురాలో సగం ఇల్లు, ఒక నల్ల షేర్వానీ, మా అమ్మ, ఆ మొహర్. మొహర్ మీద ఫార్సీ అక్షరాలుండేవి. వాటిని మా ఇంట్లో ఎవరూ చదవగా నేను చూడలేదు. మున్షీ కాగితం చదివి వినిపించేవాడు, మా తాత హుక్కా తాగుతూ వినేవాడు, మొహర్ వేసేవాడు. చదవడం జీతగాడి పని, మొహర్ వేయడం మన పని అని మా నాన్న నాతో అన్నాడు. నేను ఆ మాట నమ్మి పెరిగాను. ఇంట్లో పంతులుగారు తెలుగు నేర్పాడు, ఒక క్రిస్టియన్ మాస్టరు వచ్చి కొంచెం ఇంగ్లీషు నేర్పాడు. ఉర్దూ ఎవరూ నేర్పలేదు. మాట్లాడటం పుట్టుకతోనే వచ్చు. చదవడం రాదు. అక్షరాలే కాదు, అంకెలు కూడా రావు.

కార్ఖానా సైదాబాద్ దాటాక చేల మధ్య ఉండేది. గాజు కార్ఖానా. లాంతరు చిమ్నీలు చేసేవాళ్లు. యుద్ధం రాబోతోందని అందరూ అంటున్న రోజుల్లో నేను అక్కడికి ఉద్యోగానికి వెళ్లాను. వాళ్లకు ఇంగ్లీషు అంకెలూ ఉర్దూ చిట్టీలూ రెండూ చదవగల మనిషి కావాలి. మేనేజర్ సాబ్ నా షేర్వానీ చూశాడు, మా తాత పేరు విన్నాడు, లేచి నిలబడ్డాడు. ఉర్దూ చదవడం రాయడం వచ్చా అని అడిగాడు, అడగడమే మర్యాద కాదన్నట్టు కొంచెం నవ్వుతూ.

"మా ఇంటి మొహరే ఫార్సీలో ఉంది" అన్నాను.

అది నిజం. ఆ నిజంతో నేను అబద్ధం ఆడాను. అప్పుడే "రాదు" అని ఉంటే ఏమయ్యేది? ఉద్యోగం వచ్చేది కాదు. అంతకంటే ఏమీ కాదు. కానీ ఆ గదిలో నా కోసం లేచి నిలబడ్డ మనిషి మళ్లీ కూర్చుంటాడు. అది నేను చూడలేను అనుకున్నాను.

పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఊదిన గాజు వేడి వేడిగా ఇంకో భట్టీలోకి పోతుంది. దాన్ని ఠండీ భట్టీ అనేవాళ్లం, అంటే చల్లార్చే కొలిమి. గాజును గభాలున చల్లార్చకూడదు. చల్లారిస్తే లోపల బిగుసుకుని ఉండిపోతుంది. పైకి ఏమీ కనిపించదు, అదే మెరుపు, అదే నునుపు. వారానికో పది రోజులకో దానంతటదే పగులుతుంది. అందుకని సామాను లోపల పేర్చి, ఇనుప తలుపు వేసి, సందులకు మట్టి మెత్తి, ఇన్ని గంటలని మూసి ఉంచాలి. ఆ తర్వాతే పైన ఉన్న ఆరు గవాక్షాలు ఒక్కొక్కటిగా తెరవాలి. ఎన్ని గంటలు మూసి ఉంచాలో గాజు మందం చూసి ఉస్తాద్ నిర్ణయిస్తాడు. ఒక చిట్టీ మీద సిరాతో రాసి ఇస్తాడు. గోడకున్న వేడి గడియారాన్ని, అంటే భట్టీ లోపలి వేడి చూపే ముల్లును, గంటగంటకూ చూసి రిజిస్టరులో ఎక్కించడం, చిట్టీ ప్రకారం గవాక్షాలు తెరవడం, ఆ చిట్టీని బల్ల మీది ఇనుప చువ్వకు గుచ్చడం నా పని. నేను లేని వేళ కాపలాకు వేరే మనిషి ఉండేవాడు. కానీ తెరిచేది నేనే. వేడి గడియారం మీద ఇంగ్లీషు అంకెలు. దాంతో నాకు చిక్కు లేదు. చిట్టీ మీద ఉర్దూ అంకెలు.

ఉస్తాద్ పేరు కరీం. ఛత్రినాక వైపు ఉండేవాడు. అరవై దాటాయి. భట్టీ మంటకు కనుబొమలు కాలిపోయి, మళ్లీ మొలవడం మానేశాయి. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. మొదటి రోజు నేను షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని భట్టీ ముందు నిలబడితే ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"దొరా, నిన్ను గూడ పేర్చి మట్టి మెత్తమంటవా? గా షేర్వానీల మస్తుగ చల్లారుతవు."

పని వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. షేర్వానీ విప్పలేదు. ఆ రోజు నుంచి అందరూ నన్ను దొరా అనేవాళ్లు. అందులో సగం మర్యాద, సగం ఎగతాళి. నేను మొత్తం మర్యాదగానే తీసుకున్నాను. నా ఇత్తడి చెంబు వేరుగా పెట్టుకునేవాణ్ణి, నా స్టూలు వేరుగా వేసుకునేవాణ్ణి.

ఏడాదిన్నర ఎలా నెట్టుకొచ్చానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చల్లబడుతుంది. చిమ్నీలు పలచన. వాటికి ఎప్పుడూ ఇరవై గంటలే. పైగా చిట్టీ చేతికిస్తూ ఉస్తాద్ నోటితో చెప్పేవాడు, "చిమ్నీలు దొరా, బీస్" అని. నేను చిట్టీ వైపు గంభీరంగా చూసి తల ఊపేవాణ్ణి. కొంకిలా వంగిన ఒక గీత, దాని పక్కన సున్నాకు బదులు చుక్క. అది ఇరవై అని నా కంటికి అలవాటైంది. దాన్ని చదువు అనుకున్నాను.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు బయటి దేశాల సామాను రావడం ఆగిపోయింది. గోలీ సోడా సీసాలకు కరువొచ్చింది. మా కార్ఖానాకు సీసాల పని దొరికింది. సోడా సీసా మందంగా ఉంటుంది, లోపల గ్యాసును ఆపాలి కదా. మొదటి వాయి రంజాన్ నెలలో వచ్చింది, వానలు వెనకబట్టిన రోజుల్లో. ఉస్తాద్ రోజా ఉండి, పగలంతా నీళ్లు కూడా ముట్టకుండా, భట్టీ దగ్గర పనిచేసేవాడు. నెత్తిన తడిగుడ్డ వేసుకునేవాడు. మాటలు తగ్గించేశాడు. "నోట్ల తడి ఉన్నంత సేపే మాట దొరా, ఆనెంక సైగలే" అన్నాడు ఒకసారి. అలాగే చేసేవాడు. చేత్తో చూపించేవాడు, చిట్టీ మౌనంగా ఇచ్చేవాడు.

ఆ సంగతి జరగడానికి ముందు రోజు ఇంకొకటి జరిగింది. గాజు మోసే అతను ఊరి నుంచి వచ్చిన ఉర్దూ ఉత్తరం నా దగ్గరికి తెచ్చి, కొంచెం చదివి పెట్టమని బతిమాలాడు. అందరూ ఉన్నారు. "నీ ఉత్తరాలు చదవడానికా నేను ఇక్కడికి వచ్చింది?" అని గద్దించాను. అతను మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. తల తిప్పితే ఉస్తాద్ నన్నే చూస్తున్నాడు. నవ్వడం లేదు, కోపంగా కూడా లేడు. ఊరికే చూస్తున్నాడు.

మర్నాడు గురువారం. మిట్టమధ్యాహ్నం సీసాలు పేర్చి తలుపు మూశారు. ఉస్తాద్ చిట్టీ ఇచ్చాడు. ఏమీ చెప్పలేదు. వెళ్లి పది అడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కళ్లు మూసుకుని.

నేను చిట్టీ చూశాను. కొంకి, చుక్క. ఇరవై. కానీ కొంకి కొంచెం తేడాగా ఉన్నట్టు అనిపించింది. అనిపించింది, అదే చెబుతున్నాను. అనుమానం రాలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. వచ్చింది. పైభాగంలో ఏదో ఎక్కువగా ఉంది. కలం వణికిందేమో అనుకున్నాను, ఉపవాసంలో ముసలి చెయ్యి. ఆయన పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. "ఉస్తాద్, ఎన్ని గంటలు?" అని అడిగితే చాలు. బీస్ అనో తీస్ అనో ఒక్క మాట. కానీ నిన్ననే ఉత్తరం సంగతి జరిగింది. ఇవాళ అంకె కూడా అడిగితే? ఆ కళ్లు తెరుచుకుని మళ్లీ నన్ను అలా చూస్తే?

అడగలేదు. చిట్టీని చువ్వకు గుచ్చాను.

శుక్రవారం అల్విదా జుమా, రంజాన్ నెలలో ఆఖరి శుక్రవారం. ఉస్తాద్ మక్కా మసీదుకు వెళ్లాడు, పనిలోకి రాలేదు. పొద్దున ఎనిమిదింటికి ఇరవై గంటలు నిండాయి. నేను గవాక్షాలు తెరిచాను. సీసాలు ఎంతో అందంగా వచ్చాయి. ఆకుపచ్చగా, వెలుగుకు పట్టుకుంటే నీళ్లలా. పండగ సెలవులు అయ్యి ఉస్తాద్ తిరిగొచ్చేసరికి అవి గడ్డిలో చుట్టుకుని దుకాణాలకు వెళ్లిపోయాయి.

ఛత్రినాకలో యాదయ్య అనే అతనిది చిన్న సోడా దుకాణం. అతనే యజమాని, అతనే కూలి. మిషను తిప్పి సీసాల్లోకి గ్యాసు ఎక్కిస్తుంటే ఒకటి పేలింది. ఎడమ కన్ను పోయింది. మూడో రోజు అతని అన్న పేలిన సీసా పెంకులు తువ్వాలలో మూటగట్టుకుని కార్ఖానాకు వచ్చాడు. మూటను మేనేజర్ బల్ల మీద విప్పాడు.

"సాబ్, మీరు చేసేటియి సీసాలా, బాంబులా? లడాయికి పంపేటియి మాకు పంపిండ్రా ఏంది?"

బయట నిలబడి నేను విన్నాను. అప్పటికే ఇంకో రెండు దుకాణాల్లో సీసాలు పగిలాయని కబురొచ్చింది. మేనేజర్ సాబ్ నన్ను పిలిచి, రేపు పొద్దున రిజిస్టరూ ఆ రోజు చిట్టీ తీసుకుని రమ్మన్నాడు. ఉస్తాద్‌కూ కబురు పెట్టాడు.

నేను నా బల్ల దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ, ఎవరూ లేరు. చువ్వ నుంచి చిట్టీలు ఒక్కొక్కటే తీశాను. అది దొరికింది. కొంకి, చుక్క. ఇది ఇరవై కాకపోతే ఏమిటి? నాకు ఎలా తెలియాలి? గోడకు ఒక ఉర్దూ క్యాలెండరు ఉంది. దాని ముందు నిలబడ్డాను. మొదటి గడి ఒకటి. తర్వాతి గడి రెండు. ఆ తర్వాతిది మూడు. వేలు పెట్టి గడులు లెక్కపెట్టాను, బళ్లో వేసిన మొదటి రోజు పిల్లల్లాగా. పద్నాలుగు గ్రామాల దేశ్‌ముఖ్ మనవణ్ణి. రెండంకె పైన ఒకే వంపు ఉంది. మూడంకె పైన రెండు వంపులున్నాయి. నా చేతిలోని చిట్టీ మీద రెండు వంపులున్నాయి.

ముప్పై. తీస్.

ఆ క్షణంలో నేను ఆ మనిషి కన్ను గురించి ఆలోచించలేదు. ఇది రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఉద్యోగం గురించీ ఆలోచించలేదు. రేపు ఆ గదిలో ఈ కాగితం చూసి మేనేజర్ సాబ్ "మీకు అంకెలు కూడా రావా?" అని అడుగుతాడు, పక్కన భట్టీ వాళ్లంతా ఉంటారు, సాయంత్రానికి గౌలిపురా అంతా తెలుస్తుంది. నా ఒళ్లంతా నిండింది ఆ భయం ఒక్కటే. కింద చెత్తలో గాజు పెంకు ఒకటి ఉంది, దాన్ని తీశాను. దాని అంచుతో రెండో వంపును గీకాను. నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి. సిరా పొడిలా రాలింది. గోటితో కాగితాన్ని నునుపు చేశాను. ఇరవై అయింది. చిట్టీని చువ్వకు మళ్లీ గుచ్చాను, దాని స్థానంలోనే.

తర్వాత చేతులు కడుక్కున్నాను. వేలు తెగిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున మేనేజర్ సాబ్ గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. ఆయన రిజిస్టరు చూశాడు. చిట్టీ చూశాడు. చిట్టీని ఉస్తాద్‌కు ఇచ్చాడు.

"గిది నీ చెయ్యేనా ఉస్తాద్?"

"నా చెయ్యే సాబ్."

"బీస్ రాసినవు."

ఉస్తాద్ చాలాసేపు చూశాడు. కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత దాన్ని కిటికీ వైపు ఎత్తాడు, వెలుగు కోసం. గీకిన చోట కాగితం పలచనైందని నాకు తెలుసు. వెలుగు దాంట్లోంచి సూదిమొనంత ప్రకాశంగా వస్తుందని తెలుసు. ఎంతసేపు అలా పట్టుకున్నాడో చెప్పలేను. కాగితం దించాడు. నా వైపు తిరిగాడు.

"దొరా, నా దిల్‌ల తీస్ ఉండె. తీస్ అనుకునే కలం వట్టిన. నువ్వు సదివిన్నాడు గూడ గిది గిట్లనే ఉన్నదా? బీసేనా?"

"బీసే" అన్నాను.

నా గొంతు వణకలేదు. అందుకు ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. వీపు నిటారుగా పెట్టి, గుండీలన్నీ పెట్టుకుని చెప్పాను.

ఉస్తాద్ తల ఊపాడు. మేనేజర్ సాబ్ వైపు తిరిగాడు. "వీండ్ల తాత మొహర్ పడ్డ కాయితం కచేరీల ఎవ్వలు మల్ల సదువకపోదురు సాబ్. గసుంటి ఇంటి మనిషికి అబద్ధమాడే అవుసరమేముంటది? రోజా ఉంటి, కండ్లు తిరిగినయేమో. గల్తీ నాదే."

నేను ఒక్క మాట అనలేదు. ఆ మాట ఏమిటో ఈ తొమ్మిదేళ్లలో ఎన్నో రకాలుగా పైకి అనుకుని చూశాను. స్నానం చేస్తూ, నడుస్తూ, భోజనం ముందు కూర్చుని. ఎంత తేలికైన మాట! ఆ గదిలో ఎందుకు రాలేదు?

ఉస్తాద్‌ను చిట్టీల పని నుంచి తీసేసి, పెరట్లో పగిలిన గాజు ఏరే పనికి పంపారు. ముప్పై ఏళ్లు భట్టీల ముందు గడిపిన మనిషి ఎండలో గోనెపట్టా మీద కూర్చుని పచ్చ పెంకులు ఒక పక్కకు, తెల్ల పెంకులు ఒక పక్కకు వేరుచేశాడు. ఎన్ని గంటలో ఇంకో పనివాడు నోటితో చెబితే, చిట్టీ రాసే పని నాకిచ్చారు. కలం అప్పగిస్తూ ఆయన నాతో అన్న మాట ఒకటుంది. చుట్టూ ఎవరూ లేరు. గొంతు తగ్గించి అన్నాడు.

"దొరా, రెండుకు ఒక్క పన్ను. మూడుకు రెండు పండ్లు. యాదుంచుకో. నా తీర్గ మర్సిపోకు."

పళ్లను అక్కడ పండ్లు అంటారు. అంకె పైన ఉండే ఆ వంపులను ఆయన పండ్లు అన్నాడు.

ఎందుకు అన్నాడు? తాను పొరపాటు చేశాననుకుని నన్ను జాగ్రత్త చెప్పాడా? లేక నాకు అంకెలు రావని ఆయనకు తెలుసా? ఉత్తరం రోజున నన్ను చూసిన చూపు, కిటికీ వైపు ఎత్తిన కాగితం, ఇప్పుడు ఈ మాట. తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు? ఒక మనిషి తన ముప్పై ఏళ్ల పేరును అలా వదిలేస్తాడా, ఇంకొకరి పరువు కోసం? నేనైతే వదలను. వదలలేదు కదా. ఈ ప్రశ్నలు లెక్కలేనన్ని సార్లు వేసుకున్నాను, ప్రతిసారీ భయంతోనే ఆగిపోయాను.

ఆ తర్వాత ఆయన ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక యాదయ్య దుకాణానికి వెళ్లేవాడు. యాదయ్య వద్దన్నా వినకుండా సాయంత్రం దాకా సోడా మిషను తిప్పేవాడు. నాలుగేళ్లు అలా వెళ్లాడు. ఒక చలికాలం దగ్గుతో మంచం పట్టి పోయాడు. నేను వాళ్లింటికి వెళ్లాను. వెళ్లకపోతే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని వెళ్లాను. గుమ్మం బయట యాదయ్య నిలబడి ఉన్నాడు. అతని పక్కన నిలబడటం అదే మొదటిసారి. కన్ను ఉన్న చోట చర్మం ముడతపడి ఉంది. నన్ను చూసి దండం పెట్టాడు.

"మంచోడు దొరా ముసలోడు. మొదటి నెలల్నే కాళ్లు వట్టుకుని ఏడ్సిండు. మాఫ్ చేసిన. కావాలని రాసిండా ఏంది? నాకు ఒక కన్ను పాయె, ఆయనకు రెండు కండ్లూ ముసలియాయె. హిసాబ్ బరాబర్ అనుకున్న." కొంచెం నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. "అయినా ఇనలే. మిషన్ తిప్పుడు ఇడిస్తెనా?"

యాదయ్య దగ్గర ఒకే ఒక్క క్షమాపణ ఉంది. అది నాది. దాన్ని నిర్దోషి అయిన మనిషికి ఇచ్చేశాడు. ఆయన దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు నేను వెళ్లి అడిగితే అతను ఏమిస్తాడు? అయిదేళ్లవుతోంది, ఇంకా అడగలేదు.

భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. వీధిలో ఎవరైనా సోడా గోలీ నొక్కితే ఆ చప్పుడుకు ఉలిక్కిపడతాను. ఎవరైనా ఒక కాగితాన్ని వెలుగుకు పట్టుకుంటే, అది పెళ్లిపత్రికైనా సరే, నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. ఈ ఏడు ఇంకో భయం వచ్చింది. కార్ఖానా మూతపడింది. భట్టీలు కూల్చి ఇటుకలు తీసుకెళ్లారు. కాగితాలన్నీ, రిజిస్టర్లు, ఫైళ్లు, చిట్టీల కట్టలు, అన్నీ తూకానికి అమ్మేశారని తెలిసింది. అంటే ఇప్పుడు అవి పొట్లాలు కట్టే దుకాణాల్లో ఉన్నాయి. ఇంటికి జీలకర్ర వచ్చినా బెల్లం వచ్చినా పొట్లం కాగితం విప్పి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తున్నాను. మా అమ్మ గమనించింది.

"ఏం వెతుకుతున్నవురా గా కాయితంల?" అంది.

"ఏం లేదమ్మా."

"మీ తాతల మొహర్ పడ్డ కాయితం దొరుకుతదని సూస్తున్నవా?" అని తనే నవ్వుకుంది. నేను కాగితాన్ని మడిచి పక్కన పెట్టాను.

ఆ చిట్టీ దొరికినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. అది నాకు తెలుసు. ఉస్తాద్ లేడు, మేనేజర్ సాబ్ ఊరు వదిలి వెళ్లిపోయాడు. పలచబడ్డ ఒక చుక్కంత చోటు చూసి నన్ను పట్టుకునే మనిషి ఈ నగరంలో లేడు. అయినా భయపడుతున్నాను. మరి ఎవరికి భయపడుతున్నాను? పట్టుకునేవాళ్లు లేరన్నదే భయమా?

ఈ నెలలో మూడుసార్లు యాదయ్య దుకాణానికి వెళ్లాను, చెప్పేద్దామని. మూడుసార్లూ సోడా తాగి వచ్చాను. అతను గోలీ నొక్కాడు, నేను ఉలిక్కిపడ్డాను. "గింత భయమేంది దొరా, తుపాకా ఏంది?" అని నవ్వాడు. అతని ఒక్క కన్ను నా మొహం మీదే ఉంది. నేను గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాను. లేచి నిలబడ్డాను, వీపు నిటారుగా. నడిచి వచ్చేశాను.

ఈ మాటలు అతనికి చెప్పలేక మీకు రాశాను. ఇది చాలదని నాకు తెలుసు. మీరు క్షమించినా దానికి విలువ లేదు, పోయింది మీ కన్ను కాదు, మీ పేరు కాదు. అయినా రాస్తుంటే ఒకచోట, క్యాలెండరు ముందు వేలు పెట్టి లెక్కపెట్టానని రాసిన చోట, ఆ భయం కొంచెంసేపు ఆగింది. తొమ్మిదేళ్లలో అంతమాత్రం కూడా ఆగలేదు.

కిందటి వారం ఆ వెండి మొహర్‌ను చార్‌కమాన్‌లో అమ్మేశాను. కొన్నతను దాన్ని తిప్పి చూస్తూ, దీని మీద ఏం రాసి ఉందని అడిగాడు. నాకు చదవడం రాదని చెప్పాను. అతను తూకం వేసి, నా ముందే కరిగించాడు.